తొట్టెల పాటల రికార్డు: వడ్డేపల్లి కట్ట మీద అయిదు నెలలు

మా అమ్మకు 74 ఏళ్లు. ఆమెకు వచ్చిన జోలపాటలను రికార్డు చేసి, రాసి, మా అమ్మాయి చేతిలో పెట్టాలన్నది పని. మొదటి రోజు 52 నిమిషాలు రికార్డు చేస్తే అందులో పాట ఉన్నది 4 నిమిషాలు. మిగిలినదంతా ఫ్యాను చప్పుడు, అమ్మ నిట్టూర్పులు, "ఆ తరువాత ఏదో ఉంది బిడ్డా" అన్న మాట తొమ్మిదిసార్లు. ఇంట్లో పెద్దవాళ్ల పాటలు పట్టుకోవాలనుకునేవారు ఈ దారిలో కొన్ని రోజులైనా మిగుల్చుకుంటారని, చేసినది చేసినట్టు, చెడినది చెడినట్టు రాస్తున్నాను.

చేతిలో ఉన్న సామాను: మామూలు ఫోను, పాత కంప్యూటరు, ఒక లాంగ్ నోటుబుక్కు. తరువాత కొన్నవి: కాలరుకు తగిలించుకునే చిన్న మైకు, రెండు పెన్‌డ్రైవులు, దర్జీలు వాడే టేపు.

దశ 1: కుర్చీ, టీపాయి, ప్రశ్న (జూన్ రెండో వారం)

చేసినది:

1. హాలులో కుర్చీ వేసి అమ్మను కూర్చోబెట్టాను.
2. ఫోనును టీపాయి మీద, ఆమె నోటికి సుమారు మీటరు దూరంలో పెట్టాను.
3. "నీకు వచ్చిన జోలపాటలన్నీ వరసగా పాడమ్మా" అన్నాను.

మూడింటిలో పెద్ద తప్పు మూడోది. "అన్నీ" అనగానే అమ్మ ముఖంలో పరీక్షకు కూర్చున్న పిల్ల భయం కనిపించింది. ఒక పాట ఎత్తుకుంటుంది, రెండో పంక్తిలో ఆగుతుంది, ఫోను వైపు చూస్తుంది, మళ్లీ మొదలుపెడుతుంది. మా తమ్ముడిని, నన్ను, మా చెల్లెలిని, ఆ తరువాత మా పిల్లల్ని నిద్రపుచ్చిన గొంతు అది. అడిగితే రాలేదు.

మర్నాడు ప్రశ్న మార్చాను. పాట అడగడం మానేసి మనిషిని అడిగాను: "తమ్ముడు రాత్రిళ్లు ఏడిస్తే అమ్మమ్మ ఏం చేసేది?" అప్పుడు అమ్మ చెయ్యి దానంతట అదే గాలిలో ముందుకూ వెనక్కూ కదిలింది. ఆ చేతితోపాటు రెండు పంక్తులు వచ్చాయి. ఆ చేతి కదలికను నేను ఆ రోజు గమనించాను గానీ అర్థం చేసుకోలేదు. అర్థం కావడానికి దాదాపు రెండు నెలలు పట్టింది.

మరో నష్టం: మంచి పంక్తి మధ్యలో ఫోను మోగింది, రికార్డింగు ఆగిపోయింది. మీరు మొదలుపెట్టే ముందు విమానం గుర్తు నొక్కండి. ఇంత చిన్న విషయం చెప్పాలా అనిపించవచ్చు. ఆ పంక్తి మళ్లీ రావడానికి మాకు ఆగస్టు దాకా పట్టింది.

ఇప్పటివరకు: రికార్డింగు 52 నిమిషాలు. పాటలు 3. పంక్తులు 9. పూర్తి పాటలు 0.

దశ 2: చప్పుడుతో పోరు (జూన్ మూడో వారం)

విని చూస్తే అమ్మ గొంతుకన్నా ఫ్యాను గట్టిగా ఉంది. కంప్యూటరులో ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేరు పెట్టుకుని, చప్పుడు తగ్గించే పనిముట్టును 24 డెసిబెల్ (శబ్దం హెచ్చుతగ్గుల కొలత) దగ్గర వాడాను. ఫ్యాను పోయింది. దానితోపాటు అమ్మ పంక్తికీ పంక్తికీ మధ్య తీసే "ఊ... ఊ..." కూడా పోయింది. ఆ పనిముట్టు మనం నమూనాగా చూపిన చప్పుడుతోపాటు ఆ స్థాయి దాటని సన్నని శబ్దాన్ని కూడా తగ్గిస్తుంది. జోలపాటలో కూనిరాగం కూడా అంతే సన్నగా సాగుతుంది. మాటలు మిగిలాయి, ఊపిరి పోయింది. నాకు అది ఎవరో వేరే ఆవిడ పాడినట్టు వినిపించింది.

మార్చినవి:

1. దూరం. మీటరు నుంచి పాతిక సెంటీమీటర్లకు తెచ్చాను. దూరం సగమైన ప్రతిసారీ గొంతు సుమారు 6 డెసిబెల్ పెరుగుతుంది. ఇక్కడ రెండుసార్లు సగమైంది కాబట్టి 12. ఏ సాఫ్ట్‌వేరూ ఇంత మేలు చేయలేదు.
2. వేళ. ఉదయం అయిదింటికి, ఫ్యానూ ఫ్రిజ్జూ ఆపి. పని అయ్యాక ఫ్రిజ్జు స్విచ్చి వేయడం మరిచిపోయి ఒక రోజు పాలు విరిగాయి. అప్పటి నుంచి ఫ్రిజ్జు మీద ఇంటి తాళాలు పెడుతున్నాను, తాళాలు తీసుకోవడానికి వెళ్తే స్విచ్చి గుర్తొస్తుంది.
3. ఫైలు రకం. ఫోను కుదించి దాచే పద్ధతి మాన్పించి, కుదించకుండా దాచే వేవ్ రకానికి, 48,000 హెర్ట్జ్, 16 బిట్, ఒకే చానెలుకు మార్చాను. నిమిషానికి 5.76 ఎంబీ అవుతుంది. గంటకు 346 ఎంబీ దాకా. చోటు పోతే పోనివ్వండి.
4. సాఫ్ట్‌వేరులో 80 హెర్ట్జ్ కింది మంద్రమైన శబ్దం మాత్రం కోసేస్తున్నాను. కరెంటు గుయ్యిమనే 50 హెర్ట్జ్ మోత అందులో పోతుంది, ఆడవాళ్ల గొంతు దానికి చాలా పైన ఉంటుంది. చప్పుడు తగ్గించేది 6 డెసిబెల్ దాటనివ్వడం లేదు.
5. అసలు ఫైలును ముట్టుకోవడం లేదు. ఏ మార్పు చేసినా నకలు మీదే.

శబ్దం బాగుపడింది. పాటలు మాత్రం పెరగలేదు.

ఇప్పటివరకు: 1 గంట 23 నిమిషాలు. పాటలు 4. పంక్తులు 13. పూర్తి 0.

దశ 3: కట్ట మీద (జూన్ చివర నుంచి జూలై)

అమ్మా నేనూ రోజూ ఉదయం హనుమకొండలోని వడ్డేపల్లి చెరువు కట్ట మీద నడుస్తాం. ముప్పై అయిదు నిమిషాలు. ఆరుద్ర కార్తె ప్రవేశించిన మూడో రోజో నాలుగో రోజో, రాత్రి వాన పడి నేల మెత్తగా ఉంది. కట్ట దిగే చోట ఎర్రగా, మఖమల్ గుండీలా ఒక ఆరుద్ర పురుగు. అమ్మ ఆగింది, వంగి చూసింది, మళ్లీ నడక అందుకుంటూ పాడింది:

ఆరుద్ర పురుగమ్మ అంగీ ఇచ్చింది
ఎర్రపట్టంగీలో మా పాప వచ్చింది

ఈ పాట నేను పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ వినలేదు. ఫోను ఇంట్లో ఉంది. ఇంటికి వచ్చి అడిగితే మొదటి పంక్తి చెప్పి, రెండోది తడుముకుంది. మర్నాటి నుంచి ఫోనూ మైకూ మాతోపాటు నడిచాయి.

కట్ట మీద రికార్డు చేయడంలో వచ్చిన చిక్కులు, వరసగా:

1. గాలి. చెరువు మీది నుంచి తిన్నగా మైకులోకి కొడుతుంది, బుసబుసమంటుంది. మైకుతో వచ్చిన స్పాంజి చాలలేదు. అమ్మ పాత మంకీ టోపీ అంచు నుంచి రెండంగుళాల ఉన్ని ముక్క కోసి స్పాంజి మీద చుట్టి దారంతో కట్టాను. బుస పోయింది. నైలాన్ గుడ్డతో కూడా ప్రయత్నించాను, అది తానే గరగరమంటుంది.
2. చీర కొంగు. మైకుకు రాసుకుంటుంది. మైకును ఎడమ భుజం పిన్నుకు కాకుండా కుడివైపు మెడ దగ్గర పెట్టాక తగ్గింది.
3. రైళ్లు. కాజీపేట వైపు నుంచి కూత. దీనికి మందు లేదు. ఎక్కడ కూత పడిందో నోటుబుక్కులో సమయం రాసుకోవడమే.
4. పలకరింపులు. నడకకు వచ్చేవాళ్లంతా తెలిసినవాళ్లే. అమ్మ పాట మధ్యలో ఆపి యోగక్షేమాలు అడుగుతుంది. మేము అరగంట ముందే, అయిదుంబావుకు బయలుదేరడం మొదలుపెట్టాం.
5. చెప్పుల టకటక. దీన్ని తుడిచేయాలని చాలా తంటాలు పడ్డాను. తుడవకపోవడమే మంచిదైంది, ఎందుకో తరువాతి దశలో చెబుతాను.

ఏ దృశ్యం ఏ పాట తెచ్చిందో రోజూ రాశాను. బుడుబుంగ మునిగి ఇంకోచోట తేలితే దాగుడుమూతల పాట వచ్చింది. నీటికాకి రాయి మీద రెక్కలు ఆరేసుకుంటూ కనిపించిన రోజు ఏమీ రాలేదు. మరమరాలు తెచ్చి చేపలకు వేసే పెద్దాయన కనిపించిన రెండు రోజులూ "బువ్వ" అనే మాట ఉన్న పంక్తులు వచ్చాయి. తీగ మీద లకుముకి పిట్టను చూసి అమ్మ చాలాసేపు నిలబడింది, పాట రాలేదు గానీ అమ్మమ్మ ముక్కుపుడక నీలం రాయి గురించి చెప్పింది. అది కూడా రికార్డులో ఉంచాను.

అన్నిటికన్నా ఎక్కువ ఇచ్చింది గిజిగాళ్లు. కట్ట అవతల ఈతచెట్లకు గూళ్లు కడుతున్నాయి. జూలై మొదట్లో 11 లెక్కపెట్టాం, నెలాఖరుకు 17. గిజిగాడు మిణుగురును తెచ్చి తడిమట్టితో గూటి గోడకు అంటించి దీపం పెట్టుకుంటాడని మన పెద్దవాళ్లు చెప్పే మాట ఉంది కదా, అది అమ్మ పాటలో ఇలా ఉంది:

గిజిగాని గూటిలో మిణుగురే దీపం
మా పాప తొట్టెలో మా పాపే దీపం

ఈ పాట ఎనిమిది పంక్తులూ ఒకే నడకలో వచ్చింది. మా మొదటి పూర్తి పాట ఇదే.

ఇప్పటివరకు: 19 ఉదయాలు కలిపి 5 గంటల 33 నిమిషాలు. పాటలు 10. పంక్తులు 47. పూర్తి 1.

దశ 4: తొట్టెల పొడవు (ఆగస్టు మొదటి సగం)

మా అమ్మాయి కాన్పుకు వచ్చి మా దగ్గరే ఉంది. మనవరాలికి అప్పటికి మూడో నెల. పాప ఉంది, తొట్టెల ఉంది, కాబట్టి పాటలు వరదలా వస్తాయనుకున్నాను. రాలేదు. పాపను ఊపుతూ అమ్మ పాడితే పంక్తి చివరలో ఊపిరి అందడం లేదు. రెండుసార్లు దగ్గు వచ్చింది. వయసు అనుకున్నాం. కానీ కట్ట మీద నడుస్తూ అదే పాట ఆయాసం లేకుండా పాడిన మనిషి కూర్చుని పాడలేకపోవడం నాకు మింగుడుపడలేదు.

అప్పుడు చెప్పుల చప్పుడు పనికొచ్చింది. కట్ట మీది రికార్డులో అడుగులు లెక్కపెట్టాను. నిమిషానికి 88. అంటే అడుగుకు 0.68 సెకను. గిజిగాని పాటలో సగం పంక్తికి సరిగ్గా నాలుగు అడుగులు పడుతున్నాయి, అంటే 2.7 సెకన్లు.

తరువాత ఇంట్లో తొట్టెలను కొలిచాను. బజారులో కొన్న ఇనుప స్టాండు తొట్టెల. వేలాడే పొడవు 70 సెంటీమీటర్లు. ఇరవై ఊపులకు 34 సెకన్లు, ఊపుకు 1.7. పాట అడిగే వేగానికీ తొట్టెల ఊగే వేగానికీ పొత్తు లేదు. చెయ్యి తొందరపెడుతోంది, గొంతు వెనకబడుతోంది, ఊపిరి మధ్యలో తెగుతోంది.

వేలాడేది ఊగే సమయం దాని పొడవును బట్టి మారుతుంది, బరువును బట్టి కాదు. పాప పెరిగినా ఊపు మారదు, తాడు పొడిగిస్తే మారుతుంది. అమ్మను అడిగితే పాత ఇంట్లో తొట్టెల దూలానికి కట్టేవాళ్లమని, కింద కూర్చుని కాలి బొటనవేలికి తాడు కట్టుకుని ఊపుతూ బియ్యం ఏరేదాన్నని చెప్పింది. దూలం అంటే చాలా ఎత్తు. నిదానంగా ఊగే తొట్టెల అది.

చేసినది:

1. హాలు స్లాబుకు ఉన్న ఇనుప కొక్కేనికి 25 కిలోల బియ్యం బస్తా రాత్రంతా వేలాడదీసి చూశాం. కొక్కెం కదలలేదు.
2. అమ్మ నేత చీర మడతపెట్టి తొట్టెల కట్టాం. కొక్కెం నుంచి పాప నడుము దాకా 190 సెంటీమీటర్లు వచ్చేలా తాడు సరిచేశాం.
3. కింద రెండు పరుపులు పరిచాం. ఇది మాత్రం మానవద్దు.
4. ఇరవై ఊపులు కొలిచాం: 56 సెకన్లు. ఊపుకు 2.8.

2.7, 2.8. నడకలో నాలుగు అడుగులు, తొట్టెలలో ఒక ఊపు. అమ్మ కింద చాప మీద కూర్చుని తాడు పట్టుకుంది. నేను ఏమీ అడగలేదు. ఇరవై నిమిషాల్లో మూడు పాటలు వచ్చాయి. అందులో ఒకటి జూన్‌లో ఫోను మోగి పోగొట్టుకున్న పంక్తి ఉన్న పాట. మా అమ్మాయి వంటింటి గుమ్మం దగ్గర చేతిలో గరిటెతో అలాగే నిలబడిపోయింది. రికార్డు మొదలుపెట్టిన రెండో రోజు గాలిలో కదిలిన ఆ చెయ్యి ఏ తాడు కోసం వెతికిందో నాకు అప్పుడు తెలిసింది.

ఇప్పటివరకు: 7 గంటల 9 నిమిషాలు. పాటలు 12. పంక్తులు 71. పూర్తి 3.

దశ 5: రాయడం (ఆగస్టు రెండో సగం)

పాట ఉన్న భాగాలు కత్తిరిస్తే 38 నిమిషాలు తేలాయి. నిమిషం పాటను సరిగ్గా రాయడానికి నాకు సగటున 14 నిమిషాలు పట్టింది. మొత్తం దాదాపు 9 గంటలు.

మొదటి ప్రతి తప్పుల కుప్ప. అమ్మ "తొట్టెల" అన్న అయిదు చోట్ల "ఉయ్యాల" అని రాశాను. కావాలని కాదు, చెయ్యి అలా రాసింది, బడిలో నేర్చుకున్న చెయ్యి. "సల్ల" అన్నచోట "చల్ల" అని దిద్దాను. చదివి వినిపిస్తే అమ్మ, "బాగుంది, ఎవరి పాట ఇది?" అని అడిగింది. ఆమె నిజంగానే గుర్తుపట్టలేదు. ఆ ప్రతి పక్కన పెట్టి మళ్లీ మొదటి నుంచి రాశాను. మాటలు, క్రియల చివరలు, అన్నీ ఆమె నోట వచ్చినట్టే.

వినికిడి తప్పులు వేరే. మేనమామ పంక్తి ఒకటి నేను "సందులో" అని రాసి, మొలతాడు సందులో ఎందుకుందో అర్థం కాక రెండు రోజులు తిరిగాను. అసలు మాట "సందుగలో". సందుగ అంటే పెట్టె. అమ్మమ్మ సందుగ మా ఇంటి మేడ మీద ఇప్పటికీ ఉంది, అందులో పాత దుప్పట్లు ఉన్నాయి. మాట మాత్రం నా చెవి నుంచి జారిపోయింది.

మేనమామ సందుగలో మువ్వల మొలతాడు
మేనత్త చేతిలో వెండి పాలగిన్నె

ప్రతి పాటకూ రాసుకుంటున్న వివరాలు: పాడినవారు, ఎవరి దగ్గర విన్నారు, ఏ ఊరిలో, ఎవరిని నిద్రపుచ్చడానికి, రికార్డు చేసిన తేదీ, చోటు, తొట్టెలతోనా నడకతోనా. జానపద గేయాల మీద పరిశోధించి ఉస్మానియా నుంచి డాక్టరేటు పొందిన బిరుదురాజు రామరాజు గారు మన వరంగల్ జిల్లాలో పుట్టినవారే. పాటతోపాటు పాడే సందర్భాన్ని కూడా రాసుకోవాలని ఆ దారిలో నడిచినవాళ్లందరూ చెబుతారు. చేసి చూశాక ఆ మాట విలువ తెలిసింది, తొట్టెల పొడవు రాయకపోతే ఈ పాటల నడక కాగితం మీద ఎవరికీ తెలియదు.

ఫైళ్లకు మొదట తెలుగు పేర్లు పెట్టాను. పాత ప్లేయరులో అవన్నీ గళ్లుగా కనిపించాయి. ఇప్పుడు వరస సంఖ్యలే, పేర్లు నోటుబుక్కులో.

దశ 6: తీసేసిన పాట (సెప్టెంబరు మొదటి వారం)

ఒక రాత్రి పాప నిద్రపోయాక కూడా అమ్మ తాడు వదలలేదు. ఒక పాట పాడింది, ఎనిమిది పంక్తులు, మొదటి నుంచి చివరి దాకా ఎక్కడా ఆగకుండా. మైకు తీయడం మరిచిపోయాం, అంతా రికార్డయింది. మర్నాడు ఉదయం కట్ట మీద సగం దూరం నడిచాక, "రాత్రిది తీసేయి బిడ్డా" అంది. నాకన్నా ముందు పుట్టి ఏడు నెలలు బతికిన అన్న ఒకడు ఉన్నాడు. ఆ పాట వాడిది. ఆ తరువాత ఏ బిడ్డకూ పాడలేదట.

తీసేశాను. అన్ని చోట్ల నుంచీ తీయడం అనుకున్నంత తేలిక కాదు, అందుకే వరస రాస్తున్నాను:

1. ఫోనులో తొలగించాలి. తొలగించినవి కొన్నాళ్లు దాచే చెత్తబుట్ట కూడా ఖాళీ చేయాలి.
2. ఫోను తనంతట తాను ఆన్‌లైనులో దాచే నకలు చూడాలి.
3. కంప్యూటరులో అసలు ఫైలు, కత్తిరించిన ముక్కలు, చెత్తబుట్ట.
4. రెండు పెన్‌డ్రైవులు.
5. నోటుబుక్కులో పేజీ. చింపి అమ్మ చేతికి ఇచ్చాను.
6. వాట్సాప్. అప్పటికే ఆ పాటను కరీంనగర్‌లో ఉన్న మా చెల్లెలికి పంపేశాను. ఇది నేను చేసిన తప్పుల్లో అన్నిటికన్నా పెద్దది. చెల్లెలికి ఫోను చేసి చెబితే, చాలాసేపు మాట్లాడకుండా ఉండి, తీసేసింది.

అప్పటి నుంచి మా ఇంట్లో ఏడు రోజుల నియమం. రికార్డు చేసిన ఏ పాటా ఏడు రోజులు ఎవరికీ పంపడం లేదు. ఏడో రోజున అమ్మకు వినిపించి, ఉంచమంటేనే ఉంచుతున్నాను. వరంగల్‌లోనే తెలుగు విశ్వవిద్యాలయం వారి జానపద గిరిజన విజ్ఞానపీఠం ఉంది, ఒక ప్రతి వారికి ఇవ్వాలని ఉంది. ఏవి ఇవ్వాలో అమ్మే ఎంచుతుంది.

ఇప్పటివరకు: తీసేసినది లెక్కలో లేదు, 7 గంటల 9 నిమిషాలు. పాటలు 12. పంక్తులు 71. పూర్తి 3.

దశ 7: చివరలు ఎక్కడికి పోయాయి (సెప్టెంబరు)

పన్నెండు పాటల్లో తొమ్మిదింటికి చివర లేదు. ఎందుకని, ఏ పంక్తిని అమ్మ ఎన్నిసార్లు పాడిందో లెక్క తీశాను. అన్ని పాటల మొదటి జంట పంక్తులు కలిపి 64 సార్లు. నాలుగో జంట 9 సార్లు. ఆరో జంట ఒకే ఒక్కసారి.

నోటుబుక్కు చూపిస్తే అమ్మ ఆలోచించకుండానే చెప్పింది: "నువ్వు రెండో చరణం దాటనిచ్చేదానివి కాదు. అప్పటికే పడుకునేదానివి." అంతే. బిడ్డ నిద్రపోతే పాట ఆగిపోతుంది. చివరి చరణాలు నోటికి ఆడక, ఆడక, మరుగున పడ్డాయి. అమ్మ కూడా తొందరగా నిద్రపోయే పిల్లేనట. అంటే అమ్మమ్మ పాటల చివరలు అమ్మ చెవిన పడలేదు, అమ్మ పాటల చివరలు నా చెవిన పడలేదు.

మరి చివరలు ఎవరికి తెలుస్తాయి? నిద్రపోని బిడ్డను పెంచిన తల్లికి. మా పెద్దమ్మ కొడుకు రెండేళ్లు నిండేదాకా రాత్రి పన్నెండు దాటనిదే పడుకునేవాడు కాదని మా ఇంట్లో అందరూ చెప్పుకుంటారు. పెద్దమ్మకు 79. జమ్మికుంటలో ఉంటుంది. కాజీపేటలో బల్లార్షా వైపు వెళ్లే రైలు ఎక్కి వెళ్లాం.

మొదటిసారి వెళ్లినప్పుడు పనికిరాని రికార్డింగు. అక్కాచెల్లెళ్లు ఇద్దరూ ఒకేసారి పాడారు, ఒకరి మాట ఒకరు దిద్దారు. ఒకే మైకులో రెండు గొంతులు కలిసిపోతే తరువాత విడదీయలేం. రెండోసారి మార్చినవి:

1. ఇద్దరికీ చెరో మైకు, చెరో ఫోను.
2. రెండూ మొదలయ్యాక గట్టిగా ఒక చప్పట. కంప్యూటరులో ఆ చప్పటను పట్టుకుని రెండు ఫైళ్లనూ సరిపెట్టవచ్చు.
3. ముందు పెద్దమ్మ ఒక్కతే పాడాలి. అమ్మ తన మాట తరువాత చెప్పాలి.
4. తొట్టెల లేదు కాబట్టి పెద్దమ్మ దూలానికి తాడు వేసి, అయిదు కిలోల పప్పు సంచి కట్టాం. 190 సెంటీమీటర్లు.

అమ్మమ్మ కట్టిన మిల్లు పాట చివర అక్కడ దొరికింది. తాతయ్య వరంగల్‌లో ఆజంజాహీ మిల్లు కార్మికుడు. 1934లో పెట్టిన మిల్లు, నిజాం పెద్దకొడుకు పేరు పెట్టారు, మూతపడి చాలా ఏళ్లయింది. షిఫ్టు కూత వినబడే వాడలోనే వాళ్లుండేవారు. అమ్మకు తెలిసినది ఇంతవరకే:

కూత పెట్టె మిల్లు, కునుకు తీయి తల్లీ
నాయనొచ్చే వేళ నవ్వు దాచి ఉంచు

పెద్దమ్మ పప్పు సంచిని ఊపుతూ ముందుకు పోయింది:

కూలిడబ్బుల మూట కుండలో పెట్టి
కుండకు చందమామను కావలి పెట్టి

అమ్మ ఆ పంక్తులు వినడం అదే మొదటిసారి. "అక్కా, ఇంకోసారి" అంది. రికార్డులో ఆ మాట తరువాత పదకొండు సెకన్లు తాడు కిర్రుమనే చప్పుడే ఉంది. దాన్ని కత్తిరించలేదు.

ఇద్దరి పాటలకూ తేడాలున్నాయి. అమ్మ "నవ్వు దాచి ఉంచు" అంటుంది, పెద్దమ్మ "నవ్వు పోసి ఉంచు" అంటుంది. ఏది సరైనదని తేల్చడం నా పని కాదు. రెండూ రాసి, అమ్మ పాఠం, పెద్దమ్మ పాఠం అని గుర్తు పెట్టాను.

ఇప్పటివరకు: 8 గంటల 17 నిమిషాలు. పాటలు 13. పంక్తులు 101. పూర్తి 8.

దశ 8: ఉయ్యాలో (బతుకమ్మ రోజులు)

రెండు పాటల దగ్గర చిక్కు మిగిలింది. వాటి పంక్తుల చివర "ఉయ్యాలో" ఉంది. బతుకమ్మ పాటల్లో ఉండేది అదే. ఇవి జోలపాటలా, బతుకమ్మ పాటలా? అమ్మ బతుకమ్మ పాటనే నెమ్మదిగా పాడి జోలపాట చేసుకుందని నా ఊహ. కొలిచి చూడాలనుకున్నాను.

బతుకమ్మ మొదటి రోజు, ఎంగిలిపూల నాడు, వేయిస్తంభాల గుడికి వెళ్లాం. అక్కడి రికార్డింగు పనికిరాలేదు, లౌడ్‌స్పీకర్లు. మూడో రోజు మా వాడలోనే, గునుగు, తంగేడు పేర్చిన బతుకమ్మల చుట్టూ పదిహేను మంది ఆడుతుంటే అదే పాట వచ్చింది. నలభై చప్పట్లకు 52 సెకన్లు. చప్పటకూ చప్పటకూ మధ్య 1.3 సెకన్లు. మా చీర తొట్టెల సగం ఊపు 1.4. నా ఊహ తప్పు. అమ్మ పాటను నెమ్మది చేయలేదు, చప్పట పడే చోట తాడు లాగింది.

అమ్మను అడిగితే, పసిబిడ్డ ఇంట్లో ఉండి బతుకమ్మ ఆడడానికి పోలేని ఏట తొట్టెల దగ్గరే ఆ పాట పాడుకునేవాళ్లమని చెప్పింది. రెండు పాటలకూ రెండు పేర్లూ రాశాను. అలాంటిదే మూడోది ఆ సాయంత్రమే వచ్చింది, పూర్తిగా.

ఇప్పటివరకు: 8 గంటల 39 నిమిషాలు, సుమారు 2.7 జీబీ. పాటలు 14. పంక్తులు 109. పూర్తి 9. చివర లేనివి 5.

ఈ లెక్కలో చేరనిది ఒకటి ఉంది. మాటలు లేని రాగం, నాలుగు ఊపుల పొడవు, అమ్మమ్మది. దానికి మాటలుండేవని, తాను మరిచిపోయానని అమ్మ అంటుంది. అసలు మాటలే లేవని, అర్ధరాత్రి దాటాక అమ్మమ్మ అలాగే కూనిరాగం తీసేదని పెద్దమ్మ అంటుంది. ఫైలు పక్కన ఇద్దరి మాటా రాశాను. పప్పు సంచితో ఇంకోసారి జమ్మికుంట వెళ్లాలి.

దసరా తరువాతి సోమవారం మా అమ్మాయి పాపను తీసుకుని అత్తవారింటికి వెళుతోంది. ఒక పెన్‌డ్రైవు, నోటుబుక్కు నకలు, అమ్మ నేత చీర సర్దాం. అల్లుడు ఫోనులో కొలత చెప్పాడు: వాళ్ల హాలులో కొక్కెం నేల నుంచి 288 సెంటీమీటర్లు. చీర మడత 120 వస్తుంది, కాబట్టి పైన 70 సెంటీమీటర్ల తాడు కట్టుకోవాలి. తాడు కోసి, రెండు కొసలకూ ముళ్లు వేసి, చీర మీద కొక్కెం నుంచి 190 వచ్చే చోట ఎర్రదారం కట్టి ఇచ్చాను. కట్టే ముందు బియ్యం బస్తా వేలాడదీసి చూడమని కాగితం మీద రాసి చీర మడతలో పెట్టాను.